ఎండకు లొంగని వేప బుడిపె కోసం సిర్గాపూర్ దాకా

చెట్టు మీద ఉబ్బిన గడ్డే బుడిపె. లోపల కట్టె నార ఒక దిక్కున పోదు, చిక్కుపడ్డ ఉన్నిలా తిరుగుతుంది. అందుకే అందంగా ఉంటుంది, అందుకే ఆరేటప్పుడు పగులుతుంది. సిర్గాపూర్‌లో మా మేనత్త సువార్తమ్మ వెళ్లే చర్చి ముందున్న వేపచెట్టు గాలికి కూలినప్పుడు మూడు బుడిపెలు దొరికాయి. ఆ కట్టెతోనే కానుకల గిన్నె చేయించాలని అత్త పట్టు. మొదటిదాన్ని చర్చి సంఘం వాళ్లు కందులతో పాటు డాబా మీద ఎండేశారు, నాలుగు చెక్కలైంది. రెండోది రేకుల కింద ఉడికి పగిలింది. మూడోది నాకివ్వండని లేచి నిలబడ్డాను. ఇదీ పగిలితే స్టీలు గిన్నె కొంటామని సంఘ పెద్ద యేసుదాసు తేల్చేశాడు. స్టీలు మీద నాకు ద్వేషం లేదు, ఓడిపోవడం మీద ఉంది.

పచ్చిగా ఉండగానే దాన్ని గిన్నెలా తొలిచాను, గోడ రెండు వేళ్ల మందం ఉంచి. తడి ఒక్కసారిగా పోకుండా బయటివైపు, అంచులకు కొవ్వొత్తుల మైనం కరిగించి పూశాను. కంది పొట్టు నింపిన గోనెసంచిలో పాతి అత్త మంచం కింద పెట్టాను. నెలకోసారి వెళ్లి తూచాను. ఇక మిగిలింది తీర్పు రోజే.

పొద్దున ఆరింటికి హైదరాబాద్ ఇమ్లీబన్ బస్టాండ్‌లో బస్సెక్కితే సంగారెడ్డి, జోగిపేట మీదుగా నారాయణఖేడ్ డిపో చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. టికెట్ రెండు వందల పైచిలుకు. డిపో బయట చాయ్ తాగి సిర్గాపూర్ షేర్ ఆటో ఎక్కాను, యాభై రూపాయలు. నిండేదాకా కదలదు, ఓపిక వెంట తెచ్చుకోండి. నా ఒళ్లో ఉన్న తూకం కాంటను చూసి డ్రైవర్‌కు అనుమానం వచ్చింది.

"పత్తి బేరానికొచ్చినవా? కాంట మోసం లేదు గదా?"

కట్టె ఆరిందో లేదో తూచడానికి వెళ్తున్నానని గంభీరంగా చెప్పాను.

"ఎండల పడేస్తే రెండు దినాలల ఆరుతది గదా. గింత దానికి హైదరాబాద్ నుంచి వచ్చినవా?"

ఒకటి ఎండలో, ఒకటి రేకుల కింద పడేశారనీ, రెండూ పొయ్యిలోకే పోయాయనీ చెప్పాను.

యేసుదాసు అప్పటికే అత్త ఇంట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అత్త మంచం కింది నుంచి సంచి లాగింది. గిన్నెను కాంటకు తగిలించాను. పోయిన నెల ఎంత ఉందో అంతే, అంతకుముందు నెలా అంతే. అంటే తడి పోయింది. యేసుదాసు గిన్నెను వెలుతురుకు పట్టి, చుట్టూ తిప్పి, అంచు దగ్గర గోరు ఆపాడు. వెంట్రుకంత పగులు. గోడకు మందం ఉంచింది ఇలాంటి పగుళ్లు చెక్కేయడానికేనని నేను నోరు తెరిచేలోపే ఆయన పెదవి విరిచాడు.

"సందుంది సువార్తమ్మా. చిల్లర జారిపోతది."

అత్త గిన్నె లాక్కుని కొంగుతో పొట్టు తుడిచి ఆయన ముందే పెట్టింది.

"నోట్లెయ్యిండ్రి యేసుదాసన్నా. జారవు."

స్టీలు మాట మళ్లీ రాలేదు.

తిరుగు బస్సులో చేతులకు కంది పొట్టు వాసనే. ఈ నేల మీద ఎండ అన్నిటినీ ఆరబెడుతుంది, మిరపకాయల్నీ మనుషుల్నీ. దానికి ఎదురుగా ఒక్క కట్టెముక్కను మంచం కింద దాచి గెలవడం చిన్న విషయమే కావచ్చు, నేను మాత్రం తగ్గించి చెప్పను. మీరూ ప్రయత్నిస్తే ఒకటే సలహా: పచ్చిగా తొలిచాక, రెండు నెలలు వరుసగా బరువు తగ్గకుండా ఉంటేనే మళ్లీ ఉలి పట్టండి. అంతవరకు ఎవరేమన్నా, తూకానికి తప్ప సంచి విప్పకండి.