ఇంట్లో ఒకే భాష

మా మనవరాలికి నాలుగేళ్లు నిండిన కొత్తలో మా ఇంట్లో తెలుగు మాట్లాడడం మానేశాం. పూర్తిగా కాదు, పాప వినేటప్పుడు మాత్రమే. అయితే తార్నాకలో మాది రెండు పడకగదుల ఫ్లాటు. పాపకు వినపడని చోటు అందులో లేదు. కాబట్టి పూర్తిగా మానేసినట్టే అయింది.

నేను ఒక తెలుగు దినపత్రిక డెస్కులో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. మా ఆవిడది జనగామ వైపు వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఆమెకు ఇంగ్లీషు రాదు. మా అమ్మాయి దగ్గర్లోనే ఉన్న యూనివర్సిటీలో ఒక ల్యాబ్‌లో పనిచేస్తుంది. అల్లుడిది షిఫ్టుల ఉద్యోగం. అందరం కలిసే ఉంటాం. పాప పుట్టిన దగ్గర్నుంచీ పగలంతా మా ఆవిడ దగ్గరే.

మా ఆవిడకు ఒక అలవాటు ఉండేది. చేస్తున్న పనిని పైకి చెప్తూ చేసేది. వాళ్ల అమ్మా అంతేనట. పెళ్లయిన కొత్తలో ఎవరితో మాట్లాడుతోందా అని వంటింట్లోకి తొంగి చూసేవాణ్ణి. ఎవరూ ఉండేవారు కాదు. పాప వచ్చాక ఆ మాటలకు వినే మనిషి దొరికింది.

"ఇగో బిడ్డా, చింతపండు నానేసిన. ఇప్పుడు పోపు పెడుతున్న. చిటపటమంటది, భయపడకు. ఇగో, అన్నది. అయిపోయింది."

పాపకు అప్పట్లో కొన్ని మాటలు వచ్చాయి. బువ్వ, నీళ్లు, ఇగో. మూడో ఏడు గడిచేసరికి అవి ఒక్కొక్కటే పోయాయి. పిలిస్తే తిరగడం మానేసింది. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని మంచం కిందికి దూరేది. వెల్లకిలా పడుకుని ఫ్యాన్ రెక్కలనే చూస్తూ ఉండేది. డాక్టరు ఆటిజం అన్నాడు. ఆ మాటకు తెలుగులో ఏం రాయాలన్న చర్చ మా డెస్కులో చాలాసార్లు నడిచింది, ఎప్పుడూ తేలలేదు. ఆ గదిలో కూర్చున్నప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. ఇంకేమీ అనిపించలేదు. బయటికొచ్చి ఆటో మాట్లాడాను.

తర్వాత రామంతాపూర్‌లో ఒక థెరపీ సెంటర్‌కి తీసుకెళ్లడం మొదలుపెట్టారు. అక్కడ చెప్పిన మొదటి సంగతి ఇంట్లో ఒకే భాష ఉండాలని. ఆ రాత్రి అన్నాల దగ్గర మా అమ్మాయి ఆ విషయం ఎత్తింది.

"అమ్మా, రెండు భాషలైతే దానికి కన్‌ఫ్యూజన్ అయితదట. స్కూల్ల ఎట్లైనా ఇంగ్లీషే కద. ఇంట్ల కూడ అదే మాట్లాడమన్నరు."

"మరి నేనెట్ల మాట్లాడాలె?"

"చిన్న చిన్నయి నేర్చుకోమ్మా. కమ్, సిట్, ఈట్... గట్ల."

"గవి కుక్కలకు చెప్పేటియి కాదే?"

ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా నవ్వించడానికి అనలేదు. మా అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. "సరే తియ్యి, నేర్చుకుంట" అని మా ఆవిడ మజ్జిగ గిన్నె ముందుకు జరిపింది.

నేర్చుకుంది. నేనే నేర్పాను. కమ్, సిట్, ఈట్, స్లీప్, వాష్ హ్యాండ్స్. మొదట్లో అవి పాప దగ్గరే కాక ఎక్కడ పడితే అక్కడ వచ్చేవి. ఒకరోజు గేటు దగ్గర కూరగాయల బండివాణ్ణి "కమ్, కమ్" అని పిలిచింది.

"ఏంది పెద్దమ్మా, ఇంగ్లీష్ల పిలుస్తున్నవ్? నా బండికి రేటు పెరిగిందా?" అన్నాడతను.

లాలాపేట్‌లో ఉండే ఆమె చెల్లెలు వచ్చినప్పుడల్లా "మా అక్క దొరసాని అయింది, నాతోని తెలుగు మాట్లాడుతదో లేదో" అనేది. కొన్నాళ్లకు ఆ చెల్లెలు రావడం తగ్గించింది. వచ్చినా పాప నిద్రపోయే వేళ చూసుకుని వచ్చేది.

ఆ కొన్ని ఇంగ్లీషు మాటలతో పగలు గడవదు. పోపు పెడుతున్నానని చెప్పడానికి ఆమె దగ్గర ఇంగ్లీషు లేదు. చెప్పకుండానే పెట్టింది. బట్టలు చెప్పకుండా ఆరేసింది, బియ్యం చెప్పకుండా కడిగింది. పాప వినేటప్పుడు ఆగిన మాటలు, పాప బడికి పోయినప్పుడూ రావడం మానేశాయి. నాతోనూ తగ్గించింది. ఏదన్నా అడిగితే తల ఊపేది. నేను పేపరు చదువుకునేవాణ్ణి. ఇల్లు ప్రశాంతంగా ఉందని పక్క ఫ్లాటువాళ్లు అన్నారు కూడా.

సాయంత్రాలు మా ఆవిడ హాల్లో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలో, ఆకుకూరో ముందేసుకునేది. పాప వచ్చి ఆమె మోకాలికి తల ఆనించి పడుకునేది. ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు కాదు. చీకటి పడేదాకా ఇద్దరూ అలాగే ఉండేవాళ్లు. రెండేళ్లు ఇలా గడిచాయి. పాపకు మాటలు రాలేదు, ఇంగ్లీషులో గానీ తెలుగులో గానీ.

ఆరేళ్లు వచ్చాక అప్పటిదాకా చదువుతున్న బడివాళ్లు ఇక మా వల్ల కాదన్నారు. మా అమ్మాయి వాకబు చేసి యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉన్న ఒక చిన్న బడిలో చేర్పించింది. అక్కడ ఇలాంటి పిల్లల్ని మిగతా పిల్లలతోనే కూర్చోబెడతారు, వాళ్లకోసం వేరే ఒక టీచరు ఉంటారు. చేరిన కొన్ని రోజులకు ఇంట్లోవాళ్లు వచ్చి కలవమని కబురు వచ్చింది. అమ్మాయికి ల్యాబ్‌లో పని ఉండి నన్నూ వాళ్ల అమ్మనూ వెళ్లమంది.

పాపను తీసుకుని నడిచే వెళ్లాం. దారి పొడుగునా చెట్ల కింద ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే కుర్రాళ్లు, అమ్మాయిలు. కొందరు అటూ ఇటూ నడుస్తూ పైకి చదువుతున్నారు. మా ఆవిడ ఒక చోట ఆగి, రాజ్యాంగం వల్లె వేస్తున్న ఒకమ్మాయిని కాసేపు చూసింది. పాప చెయ్యి పట్టి లాగితే కదిలింది.

టీచరుది అనంతపురం వైపు. ముప్పై అయిదేళ్లుంటాయేమో. పాపను కిటికీ దగ్గర చెక్క ముక్కలతో కూర్చోబెట్టి మా వైపు తిరిగింది.

"పగలు పాప ఎవరి దగ్గర ఉంటుంది సార్?"

మా ఆవిడను చూపించాను.

"ఏమ్మా, పాపతో ఏమేమి మాట్లాడతా ఉంటారు?"

మా ఆవిడ నా వైపు చూసి, తర్వాత ఆమెకు చెప్పింది. "కమ్. సిట్. ఈట్."

మా ఆవిడ ఇంకా ఏమన్నా చెప్తుందని టీచరు ఆగింది.

"వాష్ హ్యాండ్స్ గూడ వస్తది" అంది మా ఆవిడ.

సంగతంతా నేను చెప్పాను. టీచరు తల పట్టుకోలేదు, ఎవరినీ తిట్టలేదు. "అట్ల చెప్పేవాళ్లు ఇంకా ఉండారు సార్. మంచికే అనుకుని చెప్తారు" అంది. తర్వాత మా ఆవిడతో, "పగలంతా పక్కన ఉండే మనిషికి రాని భాష పాపకు ఎట్లొస్తుందమ్మా? మీకొచ్చిందే మాట్లాడండి. ఇక్కడ ఇంగ్లీషు సంగతి మేం చూసుకుంటాం. ఇంట్లో మాత్రం తనతో మాట్లాడే మనిషి ఒకరుండాల. తను నోటితో అడగకున్నా, చేత్తో అడిగినా అర్థం చేసుకోవాల. అట్ల ఒక్కరూ లేకుంటే ఇక్కడ మేం ఎంత నేర్పినా నిలబడదు. ఆ ఒక్కరు మీరే అయ్యేట్టుంది" అంది.

మా ఆవిడ సరేనంది.

సాయంత్రం మా అమ్మాయికి చెప్పాను. భుజానికి బ్యాగు తగిలించుకునే సోఫాలో కూర్చుండిపోయింది.

"రామంతాపూరోళ్లు చెప్పిన్రు కద నాన్నా" అంది.

"చెప్పారు" అన్నాను.

మర్నాడు పొద్దున నేను వంటింటివైపు చెవి పెట్టాను. ఉప్మా కలిపిన చప్పుడు వినిపించింది, మాట వినిపించలేదు. ఆ మర్నాడూ అంతే. నాలుగో రోజో అయిదో రోజో అడిగాను.

"మాట్లాడొచ్చు కదా ఇప్పుడు."

"ఏం మాట్లాడాలె?" అంది. "నోరు తెరుస్తె ముందుగాల గా మాటలే వస్తున్నయి. కమ్మంట, సిట్టంట. నా మాటలు యాడ వోయినయో ఏమో."

ఒక ఆదివారం అందరం ఇంట్లోనే ఉన్నాం. ఆమె చాప మీద పుంటికూర కట్టలు విప్పింది. పాప పక్కనే మోకాలికి ఆనుకుని ఉంది. కాసేపటికి మా ఆవిడ గొంతు సవరించుకుంది. బస్తీ సభలో మైకు ముందుకొచ్చిన మనిషిలా తడబడుతూ మొదలుపెట్టింది.

"ఇగో బిడ్డా, పుంటికూర తెంపుతున్న. ఆకులు గీడ, కాడలు గాడ. మెల్లగ..."

పాప లేచింది. ఆమె ఎదురుగా వచ్చి నిలబడి, అరచేయి ఆమె నోటి మీద పెట్టి గట్టిగా అదిమింది. కొట్టలేదు, ఏడవలేదు. మా ఆవిడ ఆగిపోయింది. ఆమె ఆగాక పాప చెయ్యి తీసి మళ్లీ మోకాలి దగ్గర పడుకుంది. కాసేపటికి మా ఆవిడ "మెల్లగ తెంపాలె" అంది. పాప మళ్లీ లేచి వచ్చింది, మళ్లీ అదిమింది.

మా ఆవిడ కూర అక్కడే వదిలేసి వంటింట్లోకి వెళ్లి నల్లా తిప్పింది. వెనకే వెళ్లాను. నీళ్లు ఊరికే పోతున్నాయి.

"నా గొంతు దానికి పడతలేదు" అంది. "నేను మాట్లాడని మనిషినే అనుకున్నది. గిప్పుడు ఎవరో కొత్తామె వచ్చి మాట్లాడినట్టుంటది దానికి."

నల్లా కట్టేశాను. డెస్కులో ఏ వార్తకైనా ఒక శీర్షిక దొరికేది.

ఆమె ఇక మాట్లాడనంది. బడికి కూడా రానంది. మా అమ్మాయి సెలవు పెట్టి, వాళ్ల అమ్మను ఒప్పించి పాపతో పాటు తనే తీసుకెళ్లింది, నేనూ వెళ్లాను. టీచరు విని, "పిలవకుండా తనే లేచి వచ్చి పెట్టిందా చెయ్యి?" అని రెండుసార్లు అడిగింది. అవునన్నాం.

"అయితే పాప మాట్లాడిందమ్మా. ఇన్నాళ్లకు మీకు ఒకటి చెప్పింది, ఆపు అని. అది మీరు విన్నారని తనకు తెలియాల. చెయ్యి వస్తే ఆపేయండి. మర్నాడు మళ్లీ మొదలుపెట్టండి. బతిమాలొద్దు, చెయ్యి తోసేయొద్దు."

"అంటె నోరు మూస్కోమంటున్నదన్నట్టు" అంది మా ఆవిడ.

"అంతే."

"మా అత్త గూడ గిట్లనే అంటుండె. గామెకు చేతులు పెట్టే ఓపిక లేకుండె, నోటితోనే అన్నది."

టీచరు గట్టిగా నవ్వేసింది. మా అమ్మాయి కూడా నవ్వింది. పాప ఒకసారి తల తిప్పి చూసి చెక్క ముక్కల్లో పడిపోయింది.

ఇది జరిగి కొన్ని నెలలైంది. మా ఆవిడ రోజూ మొదలుపెడుతుంది. మొదట్లో రెండు మాటలకే చెయ్యి లేచేది. ఇప్పుడు కూర సగం తరిగేదాకా లేవడం లేదు. కొన్ని రోజులు మళ్లీ రెండు మాటలకే లేస్తుంది, ఎందుకో తెలియదు. బడిలో పాప టీచరు నోటి మీద కూడా ఒకసారి చెయ్యి పెట్టిందట, ఆవిడ సంతోషంగా ఫోన్ చేసి చెప్పింది. పాపకు మాటలు వస్తాయో రావో ఎవరూ చెప్పలేదు. మేం అడగడం మానేశాం.

పోయిన ఆదివారం సాయంత్రం క్యాంపస్‌కి వెళ్లి ఒక మెట్ల వరస మీద కూర్చున్నాం. మా అమ్మాయి ఫోన్‌లో ఏదో చూస్తూ, "అమ్మా, ఇంకొక డాక్టర్ ఉన్నడట, మస్తు పేరున్నది. ఒకసారి చూపిద్దామా? ఆయన ఏమన్న వేరే తీరు చెప్తడేమో" అంది.

"చూపియ్యి. ఎంతమందికన్న చూపియ్యి" అంది మా ఆవిడ. "కని నన్ను మాట్లాడకుమని ఇగ ఏ డాక్టర్ చెప్పినా నేను ఆగ. ఇది చెప్తె ఆగుతా." అని పాప వైపు తిరిగింది. "ఇగో బిడ్డా, పొద్దు గూకుతున్నది. పిట్టలు చెట్లెక్కుతున్నయి. మనం ఇగ ఇంటికి..."

పాప చెయ్యి లేచింది. మా ఆవిడ ఆగింది. అమ్మాయి ఫోన్ పక్కన పెట్టేసింది. పాప చాలాసేపు చెయ్యి తియ్యలేదు. మా ఆవిడ ఆ చెయ్యి వెనకనుంచే ముక్కుతో ఊపిరి పీలుస్తూ కూర్చుంది.