వెనక గేటు విద్యార్థులు

మా సెమినరీకి రెండు గేట్లుండేవి. ముందు గేటు చోడవరం రోడ్డు మీదికి. దాని ఇనప చువ్వలు ఎంత ఎత్తంటే, కాకులు సగం దూరం ఎగిరి, అలుపు తీర్చుకుని, తక్కిన సగం ఎగిరేవి. వెనక గేటు వంటింటి పక్కన, చెరకు తోటల వైపు. అది వట్టి వెదురు తడక. ఒక మనిషీ ఒక ట్రంకు పెట్టే పట్టేంత సందు. ముందు గేటు చేరడానికి. వెనక గేటు మానేసి పోవడానికి.

సెమినరీ అంటే ఫాదర్లను తయారుచేసే బడి. మాది అందులో మొదటి మెట్టు. పదేళ్ల పిల్లల్ని తీసుకుని, లెక్కలూ తెలుగూ లాటినూ నేర్పుతూ, ఎవడికి దేవుడి పిలుపు వినిపిస్తోందో, ఎవడికి వంటింటి గంట మాత్రమే వినిపిస్తోందో ఏళ్ల తరబడి వడగట్టేవారు. చేరే రోజున మేళం, పూలదండ. నన్ను దింపడానికి మా ఊరి నుంచి నలభై బళ్లు కదిలాయి. మొదటి బండి చోడవరం చేరేసరికి చివరి బండికి ఇంకా ఎడ్లు కట్టలేదు.

పోయేవాడికి మేళం లేదు. దానికొక పద్ధతి ఉండేది. ముందురోజు సాయంత్రం పెద్ద ఫాదరు గదికి పిలిచి మాట చెప్పేవారు. అది ఎవరితోనూ అనకూడదు. తెల్లవారి అందరూ పూజకని గుడిలోకి వెళ్లాక, వాడు తన తెల్ల అంగీ విప్పి, మడిచి, మంచం మీద పెట్టి, పెట్టె పట్టుకుని వెనక గేటు దగ్గరికి రావాలి. అక్కడ వంట తాత అటుకులూ బెల్లమూ కట్టిన ఆకు పొట్లం చేతిలో పెట్టేవాడు. బండి కదిలేసరికి లోపల పూజ సాగుతూ ఉండేది. మధ్యాహ్నం భోజనాల దగ్గర కంచాలు కాస్త దగ్గరగా జరిపేవారు. ఖాళీ కనబడేది కాదు. వాడేమయ్యాడని ఎవరూ అడగకూడదు. ఉన్నవాళ్ల మనసు చెదరకూడదని ఆ ఏర్పాటు.

నేనూ అలాగే వచ్చేశాను, పదిహేనో ఏట. మా భోజనాల వేళ అందరూ మౌనంగా తింటుంటే ఒకడు నిలబడి పుణ్యాత్ముల చరిత్ర చదవాలి. గొంతు గట్టిదని ఆ పని నాకు అప్పగించారు. పుస్తకంలో ఒక సింహం ఉంటే నా నోట మూడయ్యేవి. వారం తిరిగేసరికి పదకొండు సింహాలూ, పుస్తకానికి ఏ సంబంధమూ లేని ఒక మొసలీ చేరాయి. పిల్లలు ముద్ద నోటి దగ్గర ఆపి వినేవారు. "ఈడు సెప్పినదాన్ని పదితో బాగించుకోండిరా" అనేవారు పెద్ద ఫాదరు. చివరికి ఒక సాయంత్రం గదికి పిలిచారు. "నువ్వు దేవుడి మాటకి కూడా తోక తగిలిస్తావు బాబూ. నీకిది కుదరదు" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వు నాకు ముప్పై ఏళ్లు గుచ్చుకుంది.

పెద్ద ఫాదరు దొర. ఏడు సముద్రాలు దాటి వచ్చారు. ఆయన గడ్డం ఆయనకంటే అయిదు నిమిషాలు ముందు తరగతిలోకి వచ్చేది. ఆయనకు తెలుగు నేర్పిన గురువు మా వంట తాత. అందుకని ఆ తెల్లటి గడ్డంలోంచి అచ్చమైన చోడవరం మాట ఊడిపడేది. కొత్తగా వచ్చిన కలెక్టరుగారొకాయన ఆ మాట విని, లోపల ఇంకెవరో ఉన్నారేమోనని గడ్డం వెనక్కి తొంగి చూశారని చెప్పుకునేవారు.

నేను యాభయ్యో పడికి దగ్గర పడుతున్న రోజుల్లో, చోడవరం తాలూకా కచేరీలో గుమాస్తాగా ఉండగా, ఒక కార్డు వచ్చింది. చేతిరాత చూడగానే నా వీపు దానంతటదే నిటారుగా అయింది. "బడి మూసెత్తారంట. ఆదివారం ఓసారి రా." అంతే.

సెమినరీ మా ఇంటికి మైలు దూరం. ముప్పై ఏళ్లలో ఒక్కసారీ లోపల అడుగు పెట్టలేదు. ఆ గేటు ముందు నుంచి వెళ్లవలసి వస్తే సైకిలు చైను చూసుకుంటున్నట్టు తల వంచుకుని వెళ్లేవాణ్ణి. మేం క్యాథలిక్కులం, మా ఆవిడ పుట్టింటివారు ప్రొటెస్టెంట్లు. "మీ లాటిను ప్రార్థన దేవుడికైనా తెలుస్తాదా?" అని ఏడిపించే మనిషి, ఆ కార్డు చదివి తన బైబిల్లో దాచింది. తర్వాత నా తెల్ల చొక్కా గంజి పెట్టి ఇస్త్రీ చేయించింది.

ఆదివారం నేను చెరకు తోటల గట్టున నడిచి వెనక గేటు దగ్గరికి వెళ్లాను. నాకంటే ముందే ఒక బారెడు మీసాలాయన, జరీ పంచె ముళ్లకి తగలకుండా ఎత్తి పట్టుకుని, తడక కింద దూరుతున్నాడు. తల తిప్పి చూశాడు. కె.కోటపాడులో బెల్లం వ్యాపారం చేసే పెద్దమనిషి. ఒకప్పుడు నా పక్క మంచం వాడు.

"ఒరే! నువ్వట్రా! ఆ రోజు ఏటైపోయేవురా నువ్వు?"

"ఏటవుతాను? ఇంటికెళ్లిపోయాను."

"నీ జాంకాయ మూడ్రోజులు నా పెట్లో దాసేను. కుళ్లిపోయింది. ఎవల్నీ అడగనియ్యలేదు." వాడు రెండేళ్ల తర్వాత అదే గేటులోంచి వెళ్లాడట.

మా వెనక ఇంకో ఇద్దరు. వాళ్ల వెనక, ఇప్పుడు చీడికాడ బడిలో మేష్టారుగా ఉన్నవాడు, గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని. కాసేపట్లో వంటింటి పెరట్లో పదకొండు మందిమి పోగయ్యాం. అందరం మానేసినవాళ్లమే. అందరికీ అదే కార్డు వచ్చిందట. ఆ బడి నుంచి నిజంగా ఫాదర్లయిన ముగ్గురూ ఎక్కడో దూరాన ఉండి దీవెనలు రాసి పంపారు.

వంట తాత గరిట పట్టుకుని బయటికి వచ్చి తెల్లబోయాడు. "మీరేటి ఇటొచ్చేరు? ఆయన పిల్లల్నేసుకుని ముందర గేటు కాడ దండలట్టుకుని నిలబడ్డారు. గంటయింది!"

ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ముందు గేటులోంచి రావడానికి మాలో ఒక్కడికీ మొహం చెల్లలేదు.

పెద్ద ఫాదరు గోడ చుట్టూ తిరిగి వచ్చారు. మనిషి సగమయ్యారు, గడ్డం మాత్రం తగ్గలేదు. చేతిలో బంతిపూల దండలు ఎండకి వడిలిపోయాయి. మమ్మల్ని ఒక్కొక్కణ్ణీ చూశారు. "అందరూ ఇట్నుంచే వొచ్చేరా?" అన్నారు. ఆయన నీళ్ల కుండల అరుగు మీద కూర్చుని కళ్లద్దాలు చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత అక్కడే, అంట్ల గిన్నెల పక్కనే, మా మెళ్లో దండలు వేశారు.

భోజనాల గదిలో కూర్చున్నాం. ఎవరూ చెప్పకుండానే ఎవరి పాత చోటులో వాళ్లం. సంగతి ఆయన చెప్పారు. మా రోజుల్లో డెబ్బై మంది ఉన్న చోట తొమ్మిది మంది మిగిలారు. బళ్లు తెరిచేనాటికి ఇరవై మంది కొత్తవాళ్లు చేరకపోతే సెమినరీ మూసేసి, ఈ తొమ్మిది మందినీ ఇంకో చోటికి పంపేస్తామని విశాఖపట్నం నుంచి బిషప్పుగారి మాట.

"నాకింకో పని రాదు బాబూ" అన్నారు పెద్ద ఫాదరు. "ఈ బడి నడపడం ఒక్కటే వొచ్చు. అదీ సరిగ్గా వొచ్చో రాదో, మిమ్మల్ని సూస్తే తెలుస్తంది."

నవ్వాం. నవ్వి, నేల చూపులు చూశాం.

ఆ తర్వాత మాలో ప్రతివాడికీ ఒక ఉపాయం. కోటపాడాయన పిల్లల ఫలహారానికి ఏడాది పొడుగునా బెల్లం తనదే అన్నాడు. మరొకడు ఫుట్‌బాల్ అన్నాడు, ఇంకొకడు బ్యాండు మేళం అన్నాడు. కరపత్రం రాసే పని నాకిచ్చారు. రోజూ గుడ్డూ, వారానికి రెండుసార్లు మాంసమూ, స్నానానికి వేణ్నీళ్లూ, ప్రతి పిల్లవాడికీ సొంత కిటికీ అని రాశాను. పెద్ద ఫాదరు పెన్సిలుతో ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చారు. చివరికి "మంచి బడి. పిల్లల్ని పంపండి" అని మిగిలింది. "ఇదైతే బాగించక్కర్లేదు" అన్నారు.

రెండు నెలలు తిరిగాం. కోటపాడాయన బండి, మేష్టారి సెలవు రోజులు, నా నోరు. క్రైస్తవ కుటుంబాలున్న ప్రతి ఊరికీ వెళ్లాం. నేను చెప్పే సెమినరీని మనుషులు నోరు తెరిచి వినేవారు. నా మాటల్లో దాని గోడలు పాలరాతివి, బావిలో నీళ్లు కొబ్బరినీళ్లు. విని, మజ్జిగ ఇచ్చి, సాగనంపేవారు.

రోలుగుంటలో ఒక తల్లి మజ్జిగ ఇవ్వలేదు. గడపలో కూర్చుని, చేటలో బియ్యం ఏరుతూ, అంతా విని అడిగింది: "అయితే బాబూ, మీరందరూ ఆడ సదివినోలేనా?"

"అవునమ్మా" అన్నాను గొప్పగా.

"మరి మీలో ఒక్కలూ ఫాదరు అవ్వలేదేటి?"

నాకు మాట రాలేదు. అది జరిగిందంటే మా కచేరీలో ఇప్పటికీ నమ్మరు. బెల్లాన్ని చీమలకే అమ్మగల కోటపాడాయన కూడా మీసం పట్టుకుని ఆకాశం చూశాడు.

"పోనీ, మీ గుంటల్ని పంపేరా?"

నా కొడుకు అనకాపల్లిలో చదువుతున్నాడు. వాణ్ణి సెమినరీకి పంపాలన్న ఆలోచన నాకు ఎన్నడూ రాలేదు.

మేష్టారు గొడుగు కింద పెట్టి, మెల్లగా అన్నాడు. "నాకు అయ్య లేడమ్మా. రెండు పూటలా అన్నం తిన్నది ఆడే. అక్షరం నేర్సుకున్నది ఆడే. ఫాదర్ని అవ్వలేదు గానీ, ఇవాళ నలుగురు పిల్లలకి సదువు సెప్తన్నాను. అది ఆయన పెట్టిందే."

ఆమె చేట దింపింది. "అదే ముందల సెప్పొచ్చు కదా? సదువు సెప్తామంటే నా గుంటణ్ణీ పంపుతాను, మా వీధిలో హిందువుల గుంటల్నీ పంపిత్తాను. ఫాదర్ని సేసెత్తామంటే ఎలాగ? నాకున్నోడు ఒక్కడు."

వేసవి ముగిసేసరికి మాకు దొరికింది నలుగురు పిల్లలు.

అప్పుడు మేష్టారు ఒక అర్జీ రాశాడు. ఏ మతం పిల్లలైనా వచ్చి చదువుకుని సాయంత్రం ఇంటికి పోయే మామూలు హైస్కూలు కూడా అదే ఆవరణలో పెట్టండి, ఆ బడి నీడన సెమినరీ కూడా నిలబడుతుంది అని. మా కళ్లకి అది బ్రహ్మాండంగా కనబడింది. పదకొండు సంతకాలూ పెట్టి పెద్ద ఫాదరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన రెండుసార్లు చదివారు.

"పిల్లలొస్తారా?" అన్నారు.

"వందల్లో వొస్తారు ఫాదరూ" అన్నాడు కోటపాడాయన.

"ఈసారి ఈడు సెప్పింది బాగించక్కర్లేదా?" అని నా వైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన కలం తీసుకుని పన్నెండో సంతకం పెట్టారు. ఆ కాగితం చివరికి ఎటు తీసుకెళ్తుందో ఆ గదిలో ఆయనొక్కరికే తెలుసునని నేనిప్పుడు అనుకుంటాను.

జవాబు ఇరవై రోజుల్లో వచ్చింది. హైస్కూలు పెట్టడానికి అనుమతించారు. సెమినరీని అక్కడి నుంచి ఎత్తేస్తున్నారు. హైస్కూలుకి వయసులో ఉన్న కొత్త ఫాదరు హెడ్మాస్టరుగా వస్తారు. పెద్ద ఫాదరు వాల్తేరులో ముసలి ఫాదర్లుండే ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకోవాలి.

మేం బతికించడానికి బయల్దేరింది ఆయన బడిని. బతికింది గోడలు. మేష్టారు ఆ రోజు నా ఇంటి అరుగు మీద కూర్చుని, "నా సేత్తోనే రాసేనురా" అన్నాడు. ఆ ఒక్క మాటే, మళ్లీ మళ్లీ.

ఎప్పుడు వెళ్తారని అడిగితే పెద్ద ఫాదరు "సూద్దారి, సూద్దారి" అనేవారు. వీడ్కోలు సభ పెడతామంటే గడ్డం అడ్డంగా ఊపేవారు. కొత్త హెడ్మాస్టరు వచ్చి దిగారు కూడా.

ఒక బుధవారం పొద్దున్న కచేరీకి వెళ్తూ కొట్టు దగ్గర వంట తాతను చూశాను. సోలెడు అటుకులు కొలిపించుకుంటున్నాడు. పక్కన కాగితంలో బెల్లం ముక్క. ఆ వంటింట్లో అటుకులు కొనేది ఒకే ఒక్క పనికని నాకు తెలుసు.

"ఎవలికి తాతా?"

"ఎవలికీ కాదు" అన్నాడు, ముఖం తిప్పుకుని. తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

నేను కచేరీకి వెళ్లలేదు. కోటపాడుకి సైకిలు తొక్కాను. అక్కణ్ణుంచి చీడికాడకి, తక్కిన ఊళ్లకి మనుషులు వెళ్లారు.

మర్నాడు తెల్లవారుజామున వెనక గేటు బయట బండి సిద్ధంగా ఉంది. గుడిలో కొత్త ఫాదరు, ఇంకో చోటికి ఇంకా పంపని తొమ్మిది మంది పిల్లలకీ పూజ మొదలుపెట్టారు. తడక తెరుచుకుంది. ముందు వంట తాత, తల మీద ట్రంకు పెట్టె. వెనక పెద్ద ఫాదరు, చేతిలో ఆకు పొట్లం.

మేం గట్టు వెంబడి వరసగా నిలబడి ఉన్నాం, చిన్నప్పట్లాగే పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. ఎంతమందిమని ఎవరైనా అడిగితే పదకొండు మందిమి. ఈ లెక్కను పదితో భాగించవద్దు.

ఆయన ఆగిపోయారు. "ఏటర్రా ఇది? రూలు తెల్దా మీకు?"

"మీ రూలు మాకన్నా ఎవలికి తెలుస్తాది ఫాదరూ?" అన్నాడు కోటపాడాయన. "ముందర గేటు నుంచి ఎల్దాం, రండి. బండి అటు తిప్పిత్తాను."

ఆయన కాసేపు ఆ ఇనప గేటు ఉన్న దిక్కు చూశారు. "వొద్దు బాబూ. మిమ్మల్ని పంపిన గేటే నాకూ సాలు."

వరసలో మొదటివాడి తల మీద చెయ్యి పెట్టి, "ఎల్లొస్తానురా" అన్నారు. తర్వాతివాడికీ అదే. మేష్టారి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగారు. "నీ సేతిరాత బాగుందిరా. అర్జీ సదవడానికి సుకంగా ఉంది" అన్నారు. మేష్టారు ఆయన చెయ్యి వదల్లేదు. నా దగ్గరికి వచ్చేసరికి ఏదో వేళాకోళం ఆడతారని ఎదురు చూశాను. ఆడలేదు. "ఎల్లొస్తానురా" అన్నారు, ఆ మాట వెనక తోక ఏమీ లేకుండా. పొట్లం విప్పి, ఒక్కొక్కరి అరచేతిలో చిటికెడు అటుకులు పోశారు.

బండి చెరకు తోటల మలుపు తిరుగుతుండగా గుడిలో చిన్నగంట మోగింది, పూజలో అందరూ మోకరిల్లుతుండగా ఫాదరు పవిత్రమైన రొట్టెను పైకెత్తే గంట. బండిలో ఆయన టోపీ తీసి తల వంచారు. మేం గట్టు మీద, తడి మట్టిలో, అలవాటు కొద్దీ మోకాళ్లూనాం. జరీ పంచెతో కోటపాడాయన కూడా. గంట ఆగాక మళ్లీ చూస్తే మలుపులో బండి లేదు. అటుకులు నా పిడికిట్లోనే ఉన్నాయి.