సరుగుడు తోటలో రాణిగారి ఏడుపు

పొద్దున్న ఎనిమిదింటికి ఢిల్లేశ్వరరావు ఊరవతల ఒడ్డునున్న సరుగుడు తోటలో చతికిలబడి ఏడవడం మొదలుపెట్టాడు. పడవలింకా సముద్రంలోనే ఉన్నాయి.

నడుం పట్టేసి వేట మానేశాక అతను వలలు బాగుచేసుకుంటూ బతుకుతున్నాడు. నాటకాల పిచ్చి మాత్రం మానలేదు. ఇరవై ఏళ్లుగా రాణి వేషం కట్టి రాగం తీసి ఏడుస్తున్నాడు, ఇరవై ఏళ్లుగా జనం నవ్వుతున్నారు. "నా ఏడుపుకి నవ్వంది మైకొక్కటే. అదీ కూత పెడతాది" అని తన మీద తనే జోకులేసుకునేవాడు.

ఈసారి హార్మోనియం మాస్టారు తారకేశ్వరరావు తెగేసి చెప్పాడు. "కొడుకు పోయిన రాణి ఏడుపు ఆదివారం నాకు ఇనిపించు బావా. నా కళ్లు తడవకపోతే ఏషం మన జట్టులో కృష్ణకిచ్చేత్తాను."

అందుకే ఢిల్లేశ్వరరావు రాగాన్ని పక్కన పెట్టేశాడు. చిన్నప్పుడు మేనమామను సముద్రం మింగిన రోజు అమ్మ ఒడ్డున ఎలా ఏడ్చిందో తలచుకున్నాడు. ముందు గొంతు పెగలదు, ఊపిరే కొట్టుకుంటుంది. తర్వాత సముద్రాన్ని తిడుతుంది. ఆఖరికి "నా నాయనో" అని ఇసుకను బాదుతుంది. అచ్చం అలాగే చేశాడు. తన ఒళ్లు తనకే జలదరించింది. ఇన్నాళ్లకు పట్టుబడిందిరా అనుకుని మురిసిపోయాడు.

కళ్లు తెరిచేసరికి ఊళ్లో ఆడవాళ్లంతా జుట్లు విరబోసుకుని ఒడ్డుకు పరుగెడుతున్నారు. అందరికన్నా ముందు అతని భార్య దాలమ్మ.

"మన గౌతమ్ పడవేనా మావా? సెప్పు, ఏటైనాది?"

"ఏటీ అవలేదే. నాటకం."

ముసలి నూకాలమ్మ ఆయాసపడుతూ వచ్చింది. "నాటకమా? నీ నోట్లో ఇసక పొయ్యా! పేనాలు పోనాయి కదరా!"

"అంత బాగొచ్చిందా పిన్నీ?"

ఆ ప్రశ్న అడక్కపోతే చెప్పు దెబ్బ తప్పేది. కానీ నటుడికి అంత బుద్ధెక్కడిది!

పడవలన్నీ క్షేమంగా వచ్చాయి. కొడుకు గౌతమ్ నీళ్లలోంచి నడిచొచ్చేదాకా దాలమ్మ ఒడ్డు వదల్లేదు. మొగుడి వైపు చూడకుండానే అంది: "ఆ ఏడుపు మల్లీ ఏడిసేవంటే కొంపకి రాకు."

ఆదివారం మాస్టారి ముందు ఢిల్లేశ్వరరావు ఊపిరి బిగబట్టాడు. ఇసుకలో పరుగెత్తుకొస్తున్న దాలమ్మ ముఖం కళ్లముందు నిలిచింది. దగ్గి, సర్దుకుని, పాత రాగమే అందుకున్నాడు. తబలా అతను నవ్వు ఆపుకోలేక బయటికెళ్లిపోయాడు.

రాణి వేషం కృష్ణకు వెళ్లింది. ఢిల్లేశ్వరరావుకు ద్వారపాలకుడి వేషం దక్కింది. వచ్చే శనివారం టెక్కలిలో నాటకం. ద్వారపాలకుడికి మాటలు రెండే.