పేరంటాలు చీర ఎవరు కట్టుకోవాలి

ప్రపంచంలో మనుషులు అమ్మవార్లను ఎప్పటి నుంచి కొలుస్తున్నారో చెప్పమంటే నేను గంటసేపు ఆగకుండా చెబుతాను. నరసరావుపేటలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పుకుని బతుకుతున్నదాన్ని, ఆ మాత్రం చెప్పకపోతే ఎలా. మా ఇంటి అమ్మవారికి పెట్టిన చీర ఎవరు కట్టుకోవాలన్న దగ్గర మాత్రం ఈ ఏడు మాఘమాసంలో నాకు బుర్ర పనిచేయలేదు. ఇప్పటికీ అంతా తికమకగానే ఉంది. రాస్తే ఏమన్నా తేలుతుందేమోనని కూర్చున్నాను.

మా పుట్టిల్లు కారంపూడి దగ్గర. మావాళ్లది నాపరాళ్ల పని. క్వారీలో రాయి తీయడం, పలకలు కోయించడం, లారీలకు ఎత్తడం. ఇంట్లో వంటగది గోడకు ఆనించి మూరెడు పలక ఒకటి నిలబెట్టి ఉంటుంది. దాని మీద బొమ్మ లేదు, అక్షరం లేదు. పసుపు రాసి మూడు కుంకుమ బొట్లు పెడతారు. అదే మా పేరంటాలు. ముత్తయిదువగా చనిపోయిన ఇంటి ఆడమనిషిని అలా కొలవడం మా వైపు చాలా ఇళ్లలో ఉంది. ఏడాదికోసారి, మాఘమాసంలో ఒక ఆదివారం, ఆమెకు కొత్త చీర పెట్టి పొంగలి వండుతారు. పూజయ్యాక ఆ చీరను ఇంటి పెద్దకోడలు కట్టుకుని అందరికీ ప్రసాదం పెడుతుంది. ఆ పూటకి ఆమే పేరంటాలు. వయసుతో పని లేకుండా అందరూ ఆమె కాళ్లకు దండం పెట్టాల్సిందే.

నాన్న ఉన్నన్నాళ్లూ ఆ చీర అమ్మే కట్టుకునేది. నాన్న పోయిన ఏడు దాన్ని మా వదినకు ఇచ్చేసింది. అప్పటి నుంచి తొమ్మిదేళ్లు వదినే కట్టుకుంది. నిరుడు వానాకాలంలో అన్నయ్య నడిపే పలకల లారీ గురజాల రోడ్డు మీద తిరగబడింది. అన్నయ్య అక్కడే పోయాడు. వదినకు ఇంకా నలభై నిండలేదు.

పూజకు వారం ముందు అమ్మ ఫోన్ చేసింది.

"ఏమే, శనివారమే రా. ఇంట్లో ముత్తయిదువ లేదు గదా. ముత్తయిదువ్వి నువ్వున్నావుగా, ఈసారి చీరె నువ్వు కట్టుకో."

"నేను ఆ ఇంటి కోడల్ని కాదు కదమ్మా. వదిన ఉందిగా."

"ఉంది. ఉంటే?"

శనివారం వస్తానని మాత్రం చెప్పాను. ఫోన్ పెట్టేశాక ఆ మాటకు జవాబులు బోలెడన్ని దొరికాయి. నేను అప్పుడు కాలేజీ పత్రికకు ప్రపంచ సంస్కృతుల్లో అమ్మవార్ల గురించి వ్యాసం రాస్తున్నాను. సగం వచ్చింది. ఈజిప్టు వాళ్లు వేల ఏళ్లు కొలిచిన ఐసిస్ భర్త చనిపోయిన మనిషి. ముక్కలు చేసి పారేసిన భర్త శరీరాన్ని వెతికి ఏరి తెచ్చుకున్న తల్లి. ఆమెకు సముద్రాల అవతల కూడా గుళ్లు కట్టారు. ఆమె మా ఇంటికి వస్తే అమ్మ చీర ఇవ్వదు గదా అనుకుంటే నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

తీరా కాగితాలు తిరగేస్తే ఇంకొకటి కనిపించింది. మా పక్కనే నాగార్జునకొండ తవ్వకాల్లో తల లేని అమ్మవారి రాతిబొమ్మ ఒకటి దొరికింది. పదిహేడు వందల ఏళ్ల కిందట దాన్ని చేయించిన ఇక్ష్వాకుల రాణి, తాను విధవను కాదని, తన బిడ్డ బతికే ఉన్నాడని ఆ రాయి మీదే చెక్కించుకుంది. అంటే అమ్మ అంటున్నది నిన్న మొన్న పుట్టిన మూఢనమ్మకం కూడా కాదు. ఐసిస్ వదిన పక్షం, రాణి అమ్మ పక్షం. నేను ఎటు నిలబడాలో తెలియక వ్యాసం అక్కడే ఆపేశాను.

శనివారం వెళుతూ కారంపూడిలో దిగి మా మేనత్తను చూశాను. నాన్నకు అక్క. ఎనభై దాటాయి. మంచం మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. మా పేరంటాలు అసలు ఎవరని అడిగాను.

"మీ తాతల నాటి కోడలే. కానుపు కష్టమయ్యి పోయింది. ఇరవయ్యేళ్లు గూడా లేవంట. పసుపు కుంకాలతో పోయింది, పుణ్యాత్మురాలు."

అన్నం తిన్నాక తనే మళ్లీ మొదలుపెట్టింది. "మొగుడు రాయి కింద పడి చచ్చిపోతే ఇద్దరు పిల్లల్ని చంకనేసుకోని తనే సుత్తి పట్టింది. చానా ఏళ్లు బతికింది. మనోళ్లకి రాయిపని నేర్పిందే ఆమె."

"ఎవరత్తా?"

"పేరంటాలే. ఇంకెవరు?"

"ఇందాక కానుపులో పోయిందన్నావు కదా."

"అన్నానా? అదీ నిజమే. మా నాయనమ్మ రెండూ చెప్పేది. ఇద్దరు మనుషులేమోనే. రాయి మాత్రం ఒకటే గదా."

బస్సులో కూర్చున్నంతసేపూ అదే ఆలోచన. ఒక్క సాక్షి, ఒక్క పూటలో రెండు వాంగ్మూలాలు. ఇలాంటి ఆధారంతో ఏ విద్యార్థి అయినా రాసుకొస్తే చీవాట్లు పెట్టేదాన్ని. అయినా రెండోదే నిజం కావాలని మనసు పీకుతోంది. అంతగా కావాలనుకుంటున్నాను కాబట్టే నమ్మడానికి భయంగా ఉంది.

ఇంటికి వెళ్లేసరికి వదిన పెరట్లో పొంగలి గిన్నెలు తోముతోంది. అందరికంటే ముందు అడగాల్సింది ఆమెనే అని అప్పుడు తట్టింది.

"వదినా, చీర సంగతి నీకేమనిపిస్తోంది?"

"నన్నెందుకు అడుగుతావమ్మాయ్, మీ ఇంటి దేవతకి మీ ఇష్టం" అంది తల ఎత్తకుండా. పదిహేడేళ్లుగా ఆ పలకకు పసుపు రాసిన మనిషి 'మీ ఇంటి దేవత' అనేసరికి నాకు ఏడుపొచ్చింది. ఆమెకు చీర కావాలో, అసలు ఆ రాయి మొహమే చూడాలని లేదో, ఆ మాటను బట్టి తేల్చుకోలేకపోయాను.

రాత్రి భోజనాల దగ్గర అమ్మకు ఐసిస్ కథ చెప్పాను. అమ్మ చివరిదాకా శ్రద్ధగానే వింది.

"పాపం. ఆ దేశంలో చెల్లుద్దేమోలే" అని మజ్జిగ పోసుకుంది.

ఆదివారం పూజయింది. అమ్మ పలక ముందున్న పసుపు రంగు చీరను పళ్లెంలో పెట్టి నా వైపు చాపింది. వదిన పొయ్యి దగ్గర మా వైపు వీపు పెట్టి పొంగలి కలుపుతోంది. ఉడికిపోయిన పొంగలిని అంతసేపు కలపాల్సిన పని లేదు. నాకు చేతులు రాలేదు. మేనత్త చెప్పిన రెండో కథ చెప్పేశాను. మొదటిది దాచుకున్నాను. చరిత్ర చెప్పేవాళ్లు చేయకూడని పని అదే.

"ఆమే మొగుడు పోయిన మనిషంటమ్మా. అలాంటప్పుడు వదినను ఎట్లా వద్దంటావు?"

అమ్మ ఆశ్చర్యపోతుందనుకున్నాను.

"తెలుసు" అంది. "కాపరానికొచ్చిన కొత్తల్లోనే మీ నాయనమ్మ చెప్పింది."

"తెలిసీ నాన్న పోయినప్పుడు నువ్వు ఎందుకు ఇచ్చేశావు?"

"నేనిచ్చానా?" అమ్మ గొంతు పెంచలేదు. "నేను పలక ముందు కూర్చోనుంటే, చీరె పళ్లెం నా ముందు నుంచి తీసుకుపోయి దాని చేతికిచ్చింది నువ్వు. అప్పుడు గూడా నువ్వు చరిత్ర పంతులమ్మవే గదే. ఈ కథలన్నీ అప్పుడేమైనయ్?"

నిజమే. ఆ పని నేనే చేశాను. ఎవరూ చేయమనలేదు. చీర కోడలికి ఇమ్మని అమ్మ నోటితో చెప్పాల్సిన బాధ తప్పిద్దామని, ఎవరూ అనకముందే చకచకా తీసి ఇచ్చేశాను. ఎంత తెలివిగా సర్దానో అని ఊరెళ్లేటప్పుడు బస్సులో అనుకున్నది కూడా గుర్తొచ్చింది. తొమ్మిదేళ్లుగా అమ్మే ఇచ్చిందని నమ్ముతున్నాను, నలుగురికీ అలాగే చెబుతున్నాను.

అమ్మ పళ్లెం వదిన దగ్గరికి తీసుకెళ్లింది.

"కట్టుకో తల్లీ."

వదిన గరిటె వదిలి అమ్మ మొహంలోకి చూసింది. "నువ్వు కట్టుకో అత్తా" అంది మెల్లగా.

"ఇప్పుడెందుకులే నాకు. పొంగలి ఆరిపోద్ది, కానియ్యి."

వదిన లోపలికి వెళ్లి చీర కట్టుకుని వచ్చింది. అమ్మ తన కోడలి కాళ్లకు దండం పెట్టి, ఆకులో పొంగలి పెట్టించుకుని వెళ్లి పెరటి గుమ్మంలో కూర్చుంది. నా వంతు వచ్చి నేనూ వంగాను. అమ్మ మనసు మారింది మేనత్త కథ విన్నందుకా, వదిన మీద జాలితోనా, నా మీద కోపంతోనా, నాకు తెలియదు. తొమ్మిదేళ్ల కిందట ఆ చీర కట్టుకోవాలని ఉందా అని నేను అమ్మను అడగలేదు. ఈ ఏడు పూజ రోజు కూడా అమ్మ పక్కనే కూర్చుని పొంగలి తిన్నాను గాని, ఆ మాట మాత్రం అడగలేదు.