ఒకే జత కళ్లు

ఏన్కూరు బస్టాండు ఎదుట షాబాజ్‌ది ఫ్లెక్సీల దుకాణం. పుట్టినరోజులు, పెళ్లిళ్లు, నాయకులకు స్వాగతాలు, ఇదీ అందరికీ కనిపించే పని. అడవి పల్లెల వాళ్లు అతన్ని వెతుక్కుంటూ వచ్చేది మాత్రం చచ్చినవాళ్ల కళ్లు తెరిపించడానికి.

బతికుండగా ఫొటో దిగనివాళ్లు ఆ పల్లెల్లో ఇంకా ఉన్నారు. పాడె ఎక్కించే ముందు ఎవరో ఫోనులో ఒకటి తీస్తారు. దినం నాటికి గోడ మీద పటం ఉండాలి, పటంలో మనిషి చూస్తూ ఉండాలి. మూసిన రెప్పల మీద తెరిచిన కళ్లు అతికించి, ఏనాడూ తొడగని తెల్ల చొక్కా ఒకటి తొడిగి ఇస్తాడు షాబాజ్.

ఆ మధ్యాహ్నం జంపక్క వచ్చింది. భర్త దూలయ్య పోయి తొమ్మిది రోజులు. వెంట మరిది సీతయ్య.

"రేపే దినం కొడుకా. నన్ను చూసినట్టుండాలె. ఇంకెవర్నో చూసినట్టు వద్దు" అంది ఫోను చేతికిస్తూ.

షాబాజ్ కంప్యూటరును నడిపేది లైనక్స్. ఫ్లెక్సీ పనికి మదర్‌బోర్డులోనే ఉన్న చిన్న గ్రాఫిక్స్ చిప్పు చాలు. మసక ముఖాలను తేటపరిచే ప్రోగ్రాముకు మాత్రం విడిగా గుచ్చిన పెద్ద గ్రాఫిక్స్ కార్డు కావాలి. అది కొలిమిలా కాగుతుంది, అందుకే అవసరమైతేనే దానికి మారతాడు. కమాండు కొట్టి, రీస్టార్ట్ చేసి, వెనకనున్న మానిటరు కేబులును బోర్డు నుంచి పీకి కార్డుకు గుచ్చాడు.

ఫ్యాను రొద మొదలైంది. నల్లటి తెర మీద ఒక ముసలి ముఖం, కళ్లు తెరుచుకుని, రెప్పపాటు మెరిసి మాయమైంది.

జంపక్క బెంచీ మీంచి లేచింది. "గా మనిషెవడు?"

"పొద్దున చేసిన పటం అక్కా. కారేపల్లి బొజ్జయ్యది. సిస్టం బంద్ చెయ్యకుండ మారిస్తే కార్డు మెమరీల పాతది మిగిలి కనిపిస్తది. దయ్యం గాదు."

"నేను దయ్యమన్ననా?"

షాబాజ్ ఎప్పటి ఫైలే తెరిచాడు. అందులో ఒక జత కళ్లు. రెండేళ్లుగా ఏ ముఖం మీద పెట్టినా ఒదిగిపోతున్నాయి. దూలయ్య కూడా కళ్లు తెరిచాడు.

జంపక్క చాలాసేపు చూసింది.

"మా పక్కింటి యశోద ఇంట్ల, పటంల వాళ్ల మామ గిట్లనే చూస్తడు. ఇందాక మెరిసినోడూ గిట్లనే చూసిండు. మా దిక్కు సచ్చినోళ్లందరు ఒక్కతీరుగ చూస్తరేంది?"

సీతయ్య నవ్వబోయి ఆగిపోయాడు. షాబాజ్ చెవులు వేడెక్కాయి.

"మా అబ్బావి" అన్నాడు. దుకాణం తెరిచిన రోజు మంచి కెమెరాతో తీసిన తండ్రి ఇబ్రహీం ఫొటోలోంచి కోసిన కళ్లు. ఆ ఏడాదే ఆయన పోయాడు. ఇంట్లో గోడకు ఒక్క బొమ్మనైనా తగిలించనివ్వని మనిషి. ఇప్పుడు ఎన్ని పల్లెల్లో, ఎన్ని దీపాల వెనక నుంచి చూస్తున్నాడో షాబాజ్ లెక్క పెట్టబోయి మానుకున్నాడు.

"పాపం, ఆయన్ని నిద్రపోనియ్యరాదు కొడుకా" అంది జంపక్క. మరిది వైపు తిరిగింది. "సీతయ్యా, ఇట్రా. మీ అన్నకు నీ కండ్లియ్యి."

"తీసినంక నావి నాకుంటయా వదినా?"

"తాగకుండ ఉంటే ఉంటయ్. రెప్ప కొట్టకు."

షాబాజ్ సీతయ్యను ఫొటో తీసి, ఆ కొత్త కళ్లు పెట్టాక ఆమె తల అడ్డంగా ఊపింది. "గంత పెద్దగ తెరవడు. ఎండల్నుంచి ఇంట్లకొచ్చినట్టు చిన్నగ చెయ్." షాబాజ్ పై రెప్పను కొద్దిగా దించాడు. జంపక్క చప్పున కొంగు తల మీదికి లాక్కుంది.

"అవ్. ఇగ చూసిండు."

పటం తీసుకుని వాళ్లు బస్సెక్కాక షాబాజ్ తండ్రి కళ్ల ఫైలును తుడిచేశాడు. సిస్టం బంద్ చేసి, ప్లగ్గు పీకి, టీ తాగి అరగంటకు తిరిగొచ్చాడు. కరెంటు లేకపోతే కార్డు మెమరీలో ఏదీ మిగలదు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

బటను నొక్కాడు. ఫ్యాను రొద. నల్లటి తెర మీద రెప్పపాటు ఇబ్రహీం ముఖం.

కళ్లు మూసుకుని ఉన్నాయి. అలాంటి ఫొటో షాబాజ్ ఎన్నడూ తీయలేదు.

వంగి కేబులు పీకాడు. తల ఎత్తేసరికి గుమ్మంలో ఎవరో ఫోను పట్టుకుని నిలబడి ఉన్నారు.

"సచ్చిపోయినాయన అన్నదమ్ములెవరన్న వెంటొచ్చిండ్రా?" అని అడిగాడు షాబాజ్.