వేల్పూర్ చేనులో యోధుడి గుర్రం

నేను చరిత్ర చదవడం వల్ల చరిత్రకు నష్టమేమీ జరగలేదు. జరిగిందంతా వేల్పూర్ దగ్గర రాజన్న అనే పసుపు రైతుకు, ఆయన చేనుకు, ఆయన ఎద్దుకు. ఈ సంగతి విని నవ్వనివాళ్లు లేరు. మీరూ నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. సగం దాకా నేనూ నవ్వుతూనే చెబుతాను. ఆ తరువాత నేను నవ్వడం మానేస్తే, దాన్ని మీరు పట్టించుకోకండి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. ఆర్మూర్‌లో మా బాపుది, అంటే నాన్నది, రైతుల పసుపు అమ్మిపెట్టే కమీషన్ దుకాణం. నేను హిస్టరీలో ఎమ్మే చేసి ఒక జూనియర్ కాలేజీలో పార్ట్‌టైం లెక్చరర్‌గా చేరాను. వారానికి ఆరు క్లాసులు. మిగతా టైమంతా మేధావినే. ఆ రోజుల్లో లైబ్రరీవాళ్లు పాత పుస్తకాలు తీసేస్తుంటే ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం నా చేతిలో పడింది. ఇంగ్లండ్‌లో సఫోక్ అనే జిల్లా ఉందట. అక్కడ పద్నాలుగు, పదిహేను వందల ఏళ్ల కిందట బతికిన ఆంగ్లో-సాక్సన్లనే జనం సమాధులు తవ్వితే ఏమేం బయటపడ్డాయో అంతా అందులో ఉంది. మట్టి దిబ్బ కింద ఏకంగా ఒక పడవ, అందులో రాజుగారి ఇనుప టోపీ. ఆడవాళ్ల మెడల దగ్గర పూసలు. ఒకచోట ఒక యోధుడు, పక్కనే ఆయన గుర్రం, కళ్లెంతో సహా. గుర్రం తల దగ్గర ఒక బకెట్, బహుశా మేత కోసం.

ఆ బకెట్ దగ్గర నా బుద్ధి పూర్తిగా పోయింది. ఆర్మూర్ చుట్టుపక్కల నేల ఎక్కడ జానెడు ఎత్తుగా కనపడినా కింద రాజు పడుకుని ఉన్నాడనిపించేది. బస్టాండ్ వెనుక కంకర కుప్ప చుట్టూ రెండుసార్లు ప్రదక్షిణం చేశాను. మా బాపు దుకాణం ముందు నుంచి చూశాడు.

"ఏం దేవులాడుతున్నవ్‌రా గాడ?"

"సమాధులు, బాపూ."

"బతికున్నోళ్లతోని ఒక్క మాట సక్కగ మాట్లాడవు. సచ్చినోళ్లతోని ఏం పనిరా నీకు?"

పసుపు తూచుకునేవాళ్లకు పురావస్తు శాస్త్రం ఏం అర్థమవుతుందిలే అనుకున్నాను. జరగబోయేదంతా ఆయన ఆ ఒక్క మాటలో చెప్పేశాడని నాకప్పుడు తెలియదు.

పసుపు మార్కెట్‌కు వచ్చే రోజులు. సోమవారం సరుకు తెమ్మని రాజన్నకు చెప్పి రమ్మంటూ బాపు నన్ను వేల్పూర్ పంపాడు. చెప్పి, గట్టు మీదుగా తిరిగి వస్తుంటే చేను చివర యాపచెట్టు నీడలో ఒక దిబ్బ కనపడింది. చుట్టూ వరసగా రాళ్లు. నాలుగు పక్కలా భూమంతా దున్ని ఉంది, దిబ్బను మాత్రం నాగలి ముట్టలేదు. ఒక ముసలి ఎర్ర ఎద్దు ఒంటరిగా దాని పక్కన నిలబడి ఉంది. వెంటనే నోటు పుస్తకం తీసి ఇలా రాసుకున్నాను: "స్థానిక పశువులు సైతం ఈ స్థలాన్ని గౌరవిస్తున్నాయి."

వెనక్కి వెళ్లి రాజన్నను ఒక్క మాట అడగొచ్చు కదా అని మీరంటారు. నూరడుగుల దూరం కూడా లేదు. అడిగితే రహస్యం బయటపడిపోతుందని నా భయం. ఎవరి చేనులో ఉన్న రహస్యం ఎవరికి బయటపడుతుందో ఆలోచించే తెలివి ఉంటే నేనిది రాసేవాణ్నే కాదు.

మా మార్కెట్ యార్డు పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. రైతు తన పసుపు కుప్ప పోశాక అమ్ముడుపోయేదాకా దాన్ని విడిచి కదలడు. తిండీ తిప్పలూ కుప్ప పక్కనే. సోమవారం రాజన్న, ఆయన భార్య గంగవ్వ మా దుకాణం ముందు కుప్ప పోసుకుని కూర్చోవడం కళ్లారా చూశాను. మంగళవారం పొద్దున్నే పార, గడ్డపార, కొత్త స్టీల్ టేపు తీసుకుని వేల్పూర్ బయలుదేరాను. ఫోటో స్టూడియో నడిపే నా స్నేహితుడు సాయిలును కెమెరాతో సహా వెంటబెట్టుకున్నాను. ఎర్ర ఎద్దును ఆ రోజు దూరంగా కొట్టంలో కట్టేసి ఉంచారు.

తవ్వకాల్లో తవ్వడం కన్నా కొలవడం ముఖ్యం. కాబట్టి తవ్వే పని సాయిలుకు ఇచ్చాను. రెండడుగులు పోయేసరికి ముక్కలైన మట్టి గుల్ల, చిన్న కుండలాంటిది, ఒకటి వచ్చింది. తరువాత నీలం పూసలు, గవ్వలు, ముట్టుకుంటే పొడైపోయే తోలు పట్టె, దానికి పెద్ద ఇత్తడి గంటలు. ఆ పక్కన కోసుగా ఉన్న ఇత్తడి తొడుగులు రెండు, ఒక పెద్ద కాలి ఎముక.

"గుర్రం," అన్నాను. ఎముకను టేపుతో కొలిచాను.

సాయిలు చెమట తుడుచుకుని గంటను అటూ ఇటూ తిప్పి చూశాడు. "గిది ఎడ్ల గంట లెక్కనే ఉన్నది గద బై."

"పదిహేను వందల ఏండ్ల గంట."

"మా తాత ఎడ్లకు గూడ గిసోంటియే ఉండె."

"అన్ని కాలాల్ల గంటలు గంటల లెక్కనే ఉంటయ్. నువ్వు ఫోటో దియ్యి."

"అయితే లేపి పట్టుకో. జర ఊపు, ఫోటోల ఊపుతున్నట్టు పడాలె."

ఊపాను. పళ్లన్నీ బయటపెట్టి, గంటను తల మీదికెత్తి, బ్రహ్మాండంగా ఊపాను. మట్టి రాలిపోయి గంట ఖణేల్‌మని మోగింది. సాయిలు ఫోటో తీశాడు.

కొట్టం వైపు నుంచి ఒక అరుపు వినపడింది. ఎర్ర ఎద్దు గుంజను పీకేసుకుని, దాన్ని పగ్గంతో ఈడ్చుకుంటూ చేనుకు అడ్డంగా పరుగెత్తుకొస్తోంది. సాయిలు కెమెరాను గుండెకు హత్తుకుని రోడ్డు దాకా ఆగకుండా ఉరికాడు. నేను గంట పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఎద్దు నన్ను పొడవలేదు, అసలు నన్ను చూడనే లేదు. నా చేతిలోని గంటను వాసన చూసింది. గుంటలోకి తలవంచి వాసన చూసింది. మెడ ఎత్తి చుట్టూ వెతికింది. మళ్లీ అరిచింది. అలాంటి అరుపు నేను అంతకుముందు వినలేదు, ఆ తరువాతా వినలేదు.

సరిగ్గా అప్పుడే, కుప్ప పొద్దున్నే అమ్ముడుపోవడంతో, రాజన్న బస్సు దిగి గట్టు మీద నడిచి వచ్చాడు. గుంటను చూశాడు, నన్ను చూశాడు.

"ఏం జేస్తున్నవ్ సారూ?"

నేను లెక్చరర్‌ని. ఎవరైనా అడిగితే చెప్పకుండా ఉండలేను.

"కాకా, నీ చేన్ల మస్తు పాత సమాధి బయటపడ్డది. ఎవరో పెద్ద యోధుడు. గుర్రంతోని సహా పాతిపెట్టిన్రు."

"గుర్రమా?"

"గుర్రమే. గీ బొక్క జూడు. గీ రెండు ఈటెల తొడుగులు."

"మరి గా పూసలు?"

"గా యోధుని భార్య గుచ్చి ఉంటది."

"గుచ్చింది," అన్నాడు రాజన్న. "మా గంగవ్వనే."

పసుపు దుమ్ము పట్టిన చేతులతో ఆయన నా చేతిలో నుంచి గంట తీసుకున్నాడు, అది మోగకుండా దాని లోపలి నాలుకను వేలితో పట్టుకుని.

"మల్లిగాడు సారూ. మూడేండ్లాయె, పాము ముట్టింది. గవి ఈటెలు గావు, వాని కొమ్ముల కుప్పెలు. వీడు ఎర్రోడు, వాని జోడి. వాడు పోయినంక పదకొండు దినాలు గడ్డి ముట్టలే. ఇంకో ఎద్దుతోని కాడి కింద నిలవడనే లేదు. గిప్పుడు గంట మోగంగనే వాడచ్చిండనుకున్నడు."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. కొట్టినా బాగుండేది. నేను సిగ్గుతో ఏదేదో వాగాను. పుస్తకం అన్నాను, ఇంగ్లండ్ అన్నాను, గుర్రం అన్నాను, బకెట్ అన్నాను. రాజన్న గుంటలోకి దిగి ఎముకను దాని చోట పెడుతూ ఆగాడు.

"గా ఇంగ్లీషోళ్లు గూడ తల కాడ మేత పెట్టిన్రా?"

"పెట్టినట్టే ఉన్నది కాకా. బకెట్ల."

"మంచోళ్లే," అన్నాడు. "నేను గుల్లల దాణ పెట్టిన."

ఆ గుల్ల పెంకుల మీద నేను అప్పటికే నంబర్లు వేసి ఉన్నాను. ఒకటి నుంచి ఏడు దాకా. ఆయన వాటిని ఏరుకుంటుంటే నేను ఎనిమిదోది వెతికి ఇచ్చాను.

ఎర్రోడు ఆ రోజు నుంచి మేత ముట్టలేదు. నేను రోజూ ఆర్మూర్ నుంచి పచ్చి జొన్న, బెల్లం మోసుకుపోయి వాడి ముందు కూర్చునేవాణ్ని. ఎమ్మే హిస్టరీ చదివినవాడు ఒక ఎద్దును "తిను నాయనా, ఒక్క ముద్ద తిను" అని బతిమాలడం వేల్పూర్ జనమంతా చూశారు. కొందరు చూడడానికే వచ్చారు. ఆరో రోజు వాడు గంగవ్వ చేతిలో ఒక పిడికెడు తిన్నాడు. నా చేతిది చివరిదాకా తినలేదు.

ఇంకో మూడు నెలలు బతికాడు. మిర్గం వానలకు, అంటే మృగశిర కార్తెకు, ముందు ఒక పొద్దున పడుకున్నవాడు లేవలేదు.

"ముసలోడు సారూ. నీ గంటకు పోలే," అన్నాడు రాజన్న. నా కోసం అన్నాడని తెలుసు. నేను ఇప్పటికీ పూర్తిగా నమ్మలేదు.

సాయిలు తీసిన ఫోటోలో నేను గంట ఎత్తి ఇకిలిస్తున్నాను. నా భుజం వెనుక, దూరంగా, కొట్టంలో ఎర్రోడు అప్పుడే తల ఎత్తాడు. వాడికి ఉన్న ఫోటో అదొక్కటే కాబట్టి ఇంకా పెద్దగా కడిగించి గంగవ్వకు ఇచ్చాను. ఆమె నన్ను కత్తిరించేసి వాడికి ఫ్రేము కట్టించింది. ఎంత జాగ్రత్తగా కత్తిరించినా ఒక మూల నా చెయ్యి మిగిలిపోయింది, గంట పట్టుకున్న చెయ్యి. వాళ్లింటికి పోయినప్పుడల్లా నా చెయ్యి నాకు కనపడుతుంది.

ఎర్రోడు పోయిన రోజే వాడిని మల్లిగాడి పక్కన పెట్టాలనుకున్నారు. రాజన్న పార తెచ్చి నా చేతికిచ్చాడు. "నువ్వే తవ్వు సారూ. నీకు తవ్వుడచ్చు గద," అన్నాడు. ఆయన ముఖంలో నవ్వు లేదు, కోపమూ లేదు. తవ్వాను. ఈసారి కొలవలేదు. వాడి గంటలు, పూసలు, దాణా గుల్ల అన్నీ పెట్టాక నా స్టీల్ టేపు కూడా వాడి తల దగ్గర పెట్టాను.

"గిదెందుకు సారూ?"

"నాకు ఇగ దీనితోని పనిలేదు, కాకా."

వెయ్యేళ్ల తరువాత నాలాంటివాడొకడు అక్కడ తవ్వక మానడు. ఆ టేపు చూసి, ఈ ఎద్దు సర్వే శాఖలో ఉద్యోగం చేసిందని పెద్ద వ్యాసం రాస్తాడు. వాడికి ఇక్కడి నుంచే నా దండం. నేను మాత్రం ఆ రోజు రెండు దిబ్బల మధ్య నిలబడి, మట్టి చేతులతోనే ఒట్టు పెట్టుకున్నాను. చచ్చిపోయినవాళ్ల గురించి ఏం తెలుసుకోవాలన్నా, పార పట్టే ముందు, బతికున్నవాళ్లను అడుగుతాను. కొట్టంలో కట్టేసి ఉన్నవాళ్లనైనా సరే.