నాన్న చేతిలో పెట్టిన టీవీ గేము

మా చిన్నప్పుడు కొన్నాళ్లు భావనపాడులో మా ఇంట్లో టీవీ పొద్దున్నుంచీ మోగుతూనే ఉండేది... కానీ ఎవరూ చూసేవాళ్లు కాదు. సముద్రం హోరు వినపడకుండా ఉండాలని నాన్నే దాని సౌండు పెంచి, గోడకి ఆనుకుని కూర్చునేవాడు.

అప్పుడు నేను ఆరో తరగతి. ఊళ్లో టచ్ ఫోన్లు ఇంకా ఒకరిద్దరి దగ్గరే ఉండేవి.

అప్పటికి నెల కిందట నాన్న, మావయ్య చేపల వేట నుంచి తిరిగొస్తుంటే ఒడ్డు కనిపిస్తుండగానే పడవ తిరగబడింది. మావయ్యంటే మా అమ్మకి అన్నయ్య. నాన్న ఆయన చెయ్యి పట్టుకున్నాడట. ఇంకో కెరటం వచ్చింది... చెయ్యి జారిపోయింది. నాన్న ఒక్కడే ఒడ్డుకొచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం, ఖాళీ డీజిల్ డబ్బా పట్టుకుని తేలుతున్న మావయ్యని వేరే ఊరి పడవవాళ్లు చూసి తెచ్చారు. ఊరంతా ఒడ్డుకి పరిగెత్తింది. అమ్మ ఇసుకలో కూలబడి ఏడ్చింది, నవ్వింది... రెండూ ఒకేసారి.

మావయ్య బతికొచ్చాడు. నాన్న మాత్రం రాలేదు... అలా అనిపించేది నాకు.

వేటకి పోవడం మానేశాడు. కంచంలో అన్నం ఎండిపోయేది. కన్ను మూస్తే ఉలిక్కిపడి లేచేవాడు. మావయ్య గుమ్మంలోకి వస్తే చాలు, పెరట్లోకి వెళ్లిపోయేవాడు. అమ్మ శ్రీకాకుళం తీసుకెళ్లి డాక్టరు గారికి చూపించింది. మందులిచ్చి, "ఒంటరిగా వదలకండి, మాట్లాడించండి" అన్నారాయన. మాట్లాడితే కదా...

ఒక ఆదివారం మావయ్య టెక్కలి నుంచి ఒక అట్టపెట్టె తెచ్చాడు. టీవీ గేము! రెండు రిమోట్లు, ఒక పసుప్పచ్చ క్యాసెట్.

"ఇదేటన్నియ్యా, సదువుకునే గుంటకి ఇలాటివి తెస్తావా?" అని అమ్మ గయ్యిమంది.

"ఆడుకోనీ సెల్లీ" అంటూనే వైర్లు తగిలించేశాడు మావయ్య.

ఇద్దరు బుల్లి సిపాయిలు పరిగెత్తుకుంటూ పోయే ఆట. ఒకడు నేను, ఒకడు మావయ్య. నాన్న పెరట్లోకి పోబోయి, ఎందుకో గుమ్మం దగ్గరే ఆగాడు. అంతలో బయట ఆరబెట్టిన నెత్తళ్ల చేపల మీద కాకులు వాలాయని అమ్మ నన్ను కేకేసింది. ఆట సగంలో ఉంది... ఏం చెయ్యను? రిమోట్ తీసుకెళ్లి నాన్న చేతిలో పెట్టేశాను.

"కూసింత సేపు పట్టుకో నాన్నా, నా బొమ్మ సచ్చిపోతాది."

కాకుల్ని తోలి వచ్చేసరికి నాన్న చాప మీద కూర్చుని ఉన్నాడు. వేళ్లు బటన్లు నొక్కుతున్నాయి. పక్కనే మావయ్య.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం మావయ్య వచ్చేవాడు. నేను బడి నుంచి వచ్చేసరికి ఇద్దరూ టీవీ ముందే. వారం రోజులు బటన్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆ తర్వాత ఒక సాయంత్రం నాన్న గట్టిగా అరిచాడు...

"గెంతు బావా, గెంతు! ఏటి సూస్తన్నావు?"

వంటింట్లోంచి అమ్మ గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది.

డాక్టరు గారి దగ్గరకి మళ్లీ వెళ్లినప్పుడు, చిన్నపిల్లాడిలా ఆడుతున్నాడండీ అని అమ్మ సిగ్గుపడుతూ చెప్పింది. ఆయన నవ్వి, "ఆడనివ్వండమ్మా. ఆ కాసేపూ మనసుకి ఊపిరి దొరుకుతుంది. పక్కన మనిషి కూడా ఉన్నాడు కదా... మందులు మాత్రం ఆపకండి" అన్నారు.

కొన్నాళ్లకి ఆటలో ఒక వంతెన వచ్చింది. మావయ్య బొమ్మ జారి నీళ్లలో పడింది. అంతే... నాన్న చేతిలోంచి రిమోట్ జారిపోయింది.

"వొదిలీసినాను బావా... నీ సెయ్యి నానే వొదిలీసినాను."

మావయ్య తన రిమోట్ పక్కన పెట్టి నాన్న చేతులు రెండూ పట్టుకున్నాడు.

"నువ్వు వొదల్నేదు. నానే ఇదిలించుకున్నాను. నన్ను పట్టుకునుంటే నువ్వూ మునిగిపోదువు."

నాన్న తలెత్తి చూశాడు. "ఇన్నాళ్లూ సెప్పనేదేటి?"

"నన్ను సూడగానే లెగిసెల్లిపోతన్నావు... ఎలా సెప్పీది?"

నాన్న ఏడ్చాడు. అన్నాళ్లూ లోపల ఉన్నదంతా బయటికొచ్చినట్టు, మావయ్య భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. అమ్మ నన్ను దగ్గరకి లాక్కుంది కానీ, ఆపడానికి వెళ్లలేదు.

ఆ రోజు నాన్న అన్నం రెండోసారి పెట్టించుకున్నాడు. ఆ చాప మీదే పడి నిద్రపోయాడు. మావయ్య చెప్పింది నిజమో, నాన్న కోసం అన్నాడో నాకు ఈ రోజుకీ తెలీదు. అడగలేదు కూడా...

వెంటనే అంతా బాగైపోలేదు. మందులు చాన్నాళ్లు వేసుకున్నాడు. ముందు ఒడ్డు దాకా, తర్వాత మోకాలి లోతు దాకా వెళ్లాడు. ఆ తర్వాత ఒక పొద్దున మావయ్యతో పడవెక్కాడు. వాళ్లు తిరిగొచ్చేదాకా అమ్మా నేనూ ఒడ్డునే నిలబడ్డాం. పడవ దిగుతూ నాన్న మామూలుగా, "ఆకలేస్తన్నాది" అన్నాడు. ఆ మాట వినగానే మా ఇద్దరికీ ఎంత హాయిగా అనిపించిందో...

ఇప్పుడు నేను విశాఖలో ఉద్యోగం చేస్తున్నాను. గేములు పిల్లల్ని పాడుచేస్తాయని ఎవరన్నా అంటే తల ఊపుతాను, వాళ్లు చెప్పేదాంట్లోనూ నిజం ఉంది. కానీ తిట్టడానికి మాత్రం నాకు నోరు రాదు. మొన్న ఇంటికెళ్తే అమ్మా నాన్నా మావయ్యా నేనూ నలుగురం నాలుగు ఫోన్లు పట్టుకుని నాలుగు మూలల కూర్చున్నాం. ఒకే చాప మీద భుజాలు రాసుకుంటూ, ఒకళ్ల మీద ఒకళ్లం అరుచుకుంటూ ఆడిన సాయంత్రాలు ఎటు పోయాయో...

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా మీతో కూర్చుని ఆడారా? ఆ పూట వాళ్ల మొహం ఎలా ఉండేదో గుర్తుంటే రాయండి... తీరిగ్గా చదువుకుంటాను.